అరుంధతికి మూడు వేళ్ళ దూరంలో

అరుంధతీ దర్శనం లేని పెళ్ళి మన ఇళ్ళలో అరుదు. ముహూర్తం పట్టపగలైనా సరే, పంతులుగారు ఉత్తరం వైపు చెయ్యి చూపిస్తారు, కొత్త దంపతులు తలెత్తి దండం పెడతారు. ఆ వసిష్ఠుడికీ అరుంధతికీ పక్కనే, చెయ్యి చాపి పట్టుకుంటే మూడు వేళ్ళ వెడల్పు దూరంలో, వాళ్ళిద్దరి కన్నా ప్రకాశంగా ఇంకో నక్షత్రం ఉంటుంది. దాని పేరు అడిగితే చెప్పేవాళ్ళు తక్కువ. ఆయన అంగిరసుడు. సప్తర్షుల్లో అందరికన్నా ఎక్కువ వెలిగేది ఆయనే. ఖగోళ శాస్త్రవేత్తలు ఆలియత్ అంటారు. రసాయనపరంగా తేడాగా ఉండి, అయస్కాంత క్షేత్రం కలిగి, తిరిగేకొద్దీ వెలుగు మారే ఒక జాతి నక్షత్రాలున్నాయి. ఆకాశం మొత్తంలో ఆ జాతిలోకెల్లా కంటికి ప్రకాశంగా కనిపించేది ఈ అంగిరసుడే.

నేను ఉస్మానియాలో చదువుకుని, డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. మన్సూరాబాద్‌లో మా డాబా మీద వేసవి రాత్రుల్లో కాలనీ పిల్లలు చేరతారు. వాళ్ళకు చెప్పుకుంటూ వచ్చినవే ఇక్కడ వరసగా రాస్తున్నాను. పెద్దవాళ్ళకూ పనికొస్తాయనే నా నమ్మకం.

1. చూపించినదాన్ని చూసి ఊరుకోకండి, దాని పక్కదాన్నీ చూడండి.

మన శాస్త్రాల్లో స్థూలారుంధతీ న్యాయం అని ఒకటుంది. చిన్న నక్షత్రమైన అరుంధతి ఒక్కసారిగా కంటికి ఆనదు కాబట్టి, ముందు పక్కనున్న పెద్ద నక్షత్రాన్ని చూపించి, చూపు అక్కడ నిలిచాక అసలుదాని వైపు నడిపిస్తారు. బోధనకు అంతకన్నా మంచి పద్ధతి నాకు తెలియదు. అంగిరసుణ్ణి కూడా అలాగే పట్టుకోవాలి.

మే నెల మూడో వారం, నాలుగో వారాల్లో రాత్రి తొమ్మిదింటికి డాబా ఎక్కి ఉత్తరానికి తిరగండి. సగం ఎత్తుకు కాస్త పైన సప్తర్షి మండలం బోర్లించిన గరిటెలా ఉంటుంది. గిన్నె ఎడమకు, కాడ కుడికి. గిన్నె మొదలుకొని క్రతువు, పులహుడు, పులస్త్యుడు, అత్రి. కాడలో వరసగా అంగిరసుడు, వసిష్ఠుడు, మరీచి. కాడ మధ్యలో ఉన్న వసిష్ఠుణ్ణి ఆనుకునే అరుంధతి. మా వైపు వెలుతురులో అరుంధతి రోజూ కనిపించదు. వేసవి వాన పడి వెలిసిన రాత్రయితే తప్పకుండా కనిపిస్తుంది.

ఇప్పుడు అంగిరసుడి మీద బొటనవేలు పెట్టి, జానెడు పైకి కొలవండి. చిటికెన వేలు ఆగిన చోటికి దగ్గర్లో మరో నక్షత్రం ఒంటరిగా కనిపిస్తుంది. దాని పేరు కోర్ కారోలీ. రెండూ ఇంచుమించు ఒకేసారి నడినెత్తి గీత దాటుతాయి కాబట్టి ఈ కొలత చిన్నపిల్లలకు కూడా కుదురుతుంది. ఈ జాతి మొత్తానికి మూలపురుషుడు కోర్ కారోలీయే. ఇలాంటి నక్షత్రాలన్నిటినీ దాని శాస్త్రీయ నామమైన ఆల్ఫా-2 కేనం వెనాటికోరం పేరుతోనే పిలుస్తారు. చిన్న టెలిస్కోపు ఉంటే దాని పక్కనే ఇంకో చిన్న నక్షత్రం కూడా విడిగా కనిపిస్తుంది.

ఒక్క ఇబ్బంది ఉంది. మాకు సరిగ్గా ఉత్తరాన ఉప్పల్ స్టేడియం. సప్తర్షులు నడి ఆకాశంలో ఉండే ఏప్రిల్, మే నెలల్లోనే ఐపీఎల్. మ్యాచ్ ఉన్న రాత్రి ఫ్లడ్‌లైట్ల వెలుగు ఆ దిక్కంతా పరుచుకుంటుంది. హైదరాబాద్‌లో మ్యాచ్ లేని రోజులు చూసుకుని డాబా ఎక్కండి.

2. తెల్లగా మెరిసేవన్నీ ఒకలాంటివి కావు.

కంటికి అంగిరసుడూ వసిష్ఠుడూ ఒకేలా ఉంటారు. నిజానికి వాళ్ళకు చుట్టరికం కూడా ఉంది. సప్తర్షుల్లో పులహుడు, పులస్త్యుడు, అత్రి, అంగిరసుడు, వసిష్ఠుడు అయిదుగురూ, వాళ్ళతో పాటు అరుంధతీ, ఒకే దిక్కుకు ఒకే వేగంతో ప్రయాణిస్తున్నారు. ఈ సంగతి 1869లో రిచర్డ్ ప్రాక్టర్ గమనించాడు. ఒకే మేఘంలోంచి పుట్టిన తోబుట్టువులన్న మాట, వయసు 30 నుంచి 50 కోట్ల ఏళ్ళ మధ్య. చివర్లో ఉన్న క్రతువు, మరీచి మాత్రం ఈ కుటుంబం కాదు, ఆ దారిలో కలిసినవాళ్ళు.

అంగిరసుడు మనకు సుమారు 82 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాడు. ఇవాళ మన కంట్లో పడే కాంతి అక్కణ్ణుంచి బయల్దేరేనాటికి హైదరాబాద్ ఇంకా నిజాం రాజ్యమే. ద్రవ్యరాశి సూర్యుడికి దాదాపు మూడు రెట్లు, వ్యాసార్ధం నాలుగు రెట్లు, వెలుగు వంద రెట్లు. పైపొర వేడి 9,000 డిగ్రీల దరిదాపు. మన సూర్యుణ్ణి తీసుకెళ్ళి అంగిరసుడి పక్కన నిలబెడితే ఇక్కణ్ణుంచి మామూలు కంటికి కనపడడు. కోర్ కారోలీ ఇంకాస్త దూరం, 115 కాంతి సంవత్సరాలు. వేడి కూడా ఎక్కువ, 11,600 డిగ్రీల వరకూ.

ఈ లెక్కల్లో వింతేమీ లేదు. అలాంటి వేడి నక్షత్రాలు బోలెడు. తేడా వర్ణపటంలో బయటపడింది. కాంతిని పట్టకంతో విడదీస్తే ఒక్కో మూలకం ఒక్కో చోట నల్లగీత వేస్తుంది. హార్వర్డ్‌లో ఆంటోనియా మౌరీ అనే ఆవిడ గాజు పలకల మీది వర్ణపటాలను భూతద్దం కింద పెట్టి వేలకు వేల గీతలు పరిశీలించారు. 1897లో అచ్చయిన ఆవిడ పట్టికలో కోర్ కారోలీ దగ్గర విలక్షణం అని గుర్తు పెట్టారు. ఉండాల్సిన కాల్షియం గీత పలచగా ఉంది, సిలికాన్ గీతలు ముదురుగా ఉన్నాయి. 1913లో బాక్సండాల్ అక్కడ యూరోపియం గీతలున్నాయని తేల్చాడు. భూమ్మీద గనుల్లో చిటికెడు చిటికెడుగా దొరికే అరుదైన లోహం అది. అదే ఏడు రష్యాలోని పుల్కోవోలో బెలోపోల్‌స్కీ ఇంకో అడుగు ముందుకేశాడు. ఆ గీత ఒకసారి ముదురుతోంది, ఒకసారి వెలిసిపోతోంది, అయిదున్నర రోజులకోసారి మళ్ళీ మొదటికొస్తోంది. మరుసటి ఏడాదే బెర్లిన్‌లో గుట్నిక్, ప్రాగర్ కాంతి విద్యుత్ పరికరంతో కొలిచి వెలుగు కూడా అదే తాళంలో మారుతోందని చూపించారు.

మౌరీ పనంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. ఆవిడ వేసిన ఒక్క గుర్తు వెనక ఎన్ని గంటల కంటిచూపు ఉందో, పలక మీద గీతలు కొలిచినవాళ్ళకే తెలుస్తుంది.

3. మారేదాన్ని కొలవాలంటే మారనిదాన్ని పక్కన పెట్టుకోవాలి.

మా ఎమ్మెస్సీ రోజుల్లో దీన్ని రంగాపూర్‌లో నేర్పారు. ఎల్బీనగర్ నుంచి సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం వైపు వెళ్తే జపాల్, రంగాపూర్ గ్రామాల దగ్గర ఉస్మానియా యూనివర్సిటీ వారి అబ్జర్వేటరీ ఉంది. 48 అంగుళాల అద్దం ఉన్న టెలిస్కోపు 1968లో అక్కడ పనిలోకి వచ్చింది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం నీడ సరిగ్గా దాని మీదుగానే వెళ్ళింది.

టెలిస్కోపు చివర కాంతిని కరెంటుగా మార్చే ఫోటోమల్టిప్లయర్ గొట్టం. దాని తీగ పక్క బల్ల మీది రికార్డరుకు వెళ్ళేది. రికార్డరులో కాగితం చుట్ట నెమ్మదిగా కదులుతూ ఉంటే, పెన్ను దాని మీద గీత గీస్తూ ఉండేది. ముందు ఒక మామూలు నక్షత్రం మీదికి టెలిస్కోపు తిప్పేవాళ్ళం, పెన్ను లేచి ఒక ఎత్తులో వణుకుతూ నిలబడేది. తర్వాత పక్కనున్న ఖాళీ ఆకాశం, పెన్ను కిందికి పడిపోయేది. తర్వాత మాకు కావలసిన నక్షత్రం, మళ్ళీ ఆకాశం, మళ్ళీ మొదటి నక్షత్రం. రంగుల ఫిల్టర్లు మార్చి మార్చి ఇదే వరస, తెల్లారేదాకా. కాగితం అంచున టైము, ఫిల్టరు పేరు పెన్సిల్‌తో రాయాలి. రాయని గీత దేనికీ పనికిరాదు.

కావలసిన నక్షత్రాన్ని ఒక్కదాన్నే కొలిస్తే ఏమవుతుంది? అది పడమటికి వాలేకొద్దీ మధ్యలో గాలి పొర మందమై వెలుగు తగ్గుతుంది. సన్నటి మబ్బు తెర వచ్చినా తగ్గుతుంది. ఆ తగ్గుదల నక్షత్రానిదో, గాలిదో చెప్పలేం. పక్కనే మారని నక్షత్రం ఉంటే గాలి చేసే చెరుపు రెండింటికీ సమానంగా పడుతుంది, తేడా మాత్రం నిలుస్తుంది.

ఇవాళ ఈ పని మన డాబా మీద కూడా అవుతుంది. కోర్ కారోలీ వెలుగు 2.84 నుంచి 2.98 ప్రకాశ ప్రమాణాల (మాగ్నిట్యూడ్) మధ్య మారుతుంది. దానికి అయిదు డిగ్రీల దూరంలో చారా అనే కాస్త చిన్న నక్షత్రం ఉంది, అది మారదు. మామూలు డీఎస్ఎల్ఆర్ కెమెరా, 50 ఎంఎం లెన్సు, ట్రైపాడ్ చాలు, రెండూ ఒకే ఫోటోలో పడతాయి. ఫోకస్ కాస్త చెదరగొట్టండి, అప్పుడు నక్షత్రం చుక్కలా కాక చిన్న బిళ్ళలా పడుతుంది, వెలుగు ఒకే పిక్సెల్‌లో పొంగిపోదు. జేపీఈజీ వద్దు, రా ఫార్మాట్‌లోనే తీయండి. ఒక్క ఫోటోను నమ్మకండి, ముప్పై నలభై తీసి సగటు కట్టండి. అంగిరసుడి మార్పు ఇంకా చిన్నది, నూటికి రెండు వంతుల పాటి. అది పట్టుకోవాలంటే చెయ్యి బాగా తిరగాలి. అందుకే పిల్లల చేత కోర్ కారోలీతోనే మొదలుపెట్టిస్తాను.

4. ఎన్నిసార్లు చూశామన్నది కాదు, ఎప్పుడెప్పుడు చూశామన్నది ముఖ్యం.

ఈ పాఠం మీద నాకు పట్టుదల ఎక్కువ. పిల్లలకు లెక్క వేసి మరీ చూపిస్తాను.

అంగిరసుడు తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి 5.0887 రోజులు పడుతుంది. అంటే అయిదు రోజుల రెండు గంటల ఎనిమిది నిమిషాలు. ఎవరో ఒకరు చాలా క్రమశిక్షణతో అయిదు రోజులకోసారి, సరిగ్గా రాత్రి తొమ్మిదింటికి కొలిచారనుకోండి. ప్రతిసారీ అంగిరసుడు దాదాపు ఒకే ముఖం చూపిస్తాడు. రెండు గంటల తేడానే కాబట్టి, కొన్ని వారాల పాటు కొలిచినా గీత దాదాపు చదునుగానే వస్తుంది. ఈ నక్షత్రం మారదు అని రాసేస్తారు. క్రమం తప్పకుండా చేసిన పనే ఆయన్ని తప్పుదోవ పట్టిస్తుంది.

అదే మనిషి వారానికోసారి, ఆదివారం ఆదివారం, అదే తొమ్మిదింటికి కొలిచాడనుకోండి. ఏడు రోజుల్లో అంగిరసుడు ఒక చుట్టు పూర్తిచేసి, రెండో చుట్టులో ఎనిమిదింట మూడు వంతులు తిరిగి ఉంటాడు. వచ్చే ఆదివారం మరో మూడు వంతులు. ఇలా ఎనిమిది ఆదివారాలు చూస్తే, ఇంచుమించు సమానమైన ఎడంతో ఎనిమిది వేర్వేరు ముఖాలు దొరుకుతాయి. ఏప్రిల్, మే రెండు నెలలు చాలు. ఉద్యోగం చేసుకునేవాడికి ఇంతకన్నా అనువైన నక్షత్రం ఉండదు.

కోర్ కారోలీ విషయంలో ప్రమాదం పదకొండు రోజుల దగ్గర ఉంది. దాని చుట్టు 5.469 రోజులు, రెండు చుట్లు కలిపితే పదకొండు రోజులకు గంటన్నర తక్కువ. పదకొండు రోజులకోసారి చూసేవాడికి అది కూడా కదలని నక్షత్రమే. వారం లెక్క దీనికీ బాగా కుదురుతుంది.

పిల్లల చేత కాగితం మీద వృత్తం గీయించి, ప్రతి కొలతకూ ఏ ముఖం పడిందో చుక్క పెట్టిస్తాను. వృత్తంలో ఖాళీ ఎక్కడుందో చూసి తర్వాతి రాత్రి ఎంచుకుంటారు. పట్టుబట్టి రోజూ చూడటం కన్నా, ఖాళీ ఎక్కడుందో తెలుసుకుని అక్కడ చూడటం మేలు.

5. పైపూతను బట్టి లోపలి సరుకు లెక్కగట్టకండి.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్ చదివే మా పక్కింటి అమ్మాయి ఒకసారి అడిగింది.

"తాతయ్యా, కోర్ కారోలీ మీద అంత యూరోపియం ఉంటే ఎప్పటికైనా రాకెట్టేసుకుని వెళ్ళి తవ్వుకు రావచ్చా?"

"ఎంత ఉందనుకుంటున్నావమ్మా?"

"సూర్యుడిలో కన్నా వందల రెట్లు అన్నారు కదా!"

"పైపొరలో. లోపల కాదు."

నమ్మలేనట్టు చూసింది. నేను చదువుకునే రోజుల్లో శాస్త్రవేత్తలకు కూడా ఇది కొత్త సంగతే. అంతకు ముందు చాలా ఊహలు నడిచాయి. నక్షత్రం మీద అణు చర్యలు జరిగి ఆ లోహాలు తయారయ్యాయన్నారు, పక్కన ఏదో నక్షత్రం పేలి ఆ బూడిద మీద పడిందన్నారు. 1970లో కెనడాకు చెందిన జార్జ్ మిషో వేరే దారి చూపించాడు. ఈ నక్షత్రం కూడా మిగతావాటిలాంటి సరుకుతోనే పుట్టింది. తేడా అంతా ఆ సరుకు పైకీ కిందికీ సర్దుకోవడంలో వచ్చింది.

ఎలా సర్దుకుంటుందంటే, ప్రతి పరమాణువునూ గురుత్వం కిందికి లాగుతుంది. లోపలి నుంచి పొంగుకొచ్చే కాంతి పైకి నెడుతుంది. అయితే కాంతి అందరినీ సమానంగా నెట్టదు. ఏ మూలకం ఎక్కువ రంగుల కాంతిని మింగగలదో దానికి నెట్టు ఎక్కువ. క్రోమియం, ఇనుము, యూరోపియం లాంటివాటికి వర్ణపటంలో వందల, వేల గీతలు, కాబట్టి అవి పైకి తేలుతాయి. హీలియంకు ఆ ఆసరా లేదు, కిందికి దిగిపోతుంది. కాంతి ఇలా ఏరి ఏరి నెట్టగలదన్న ఆలోచన మనవాడైన మేఘనాథ్ సాహా 1919లోనే రాశాడు. కలకత్తాలో పాతికేళ్ళ యువకుడిగా ఆయన వేసిన విత్తనం అది.

ఈ నెట్టు చాలా చిన్నది, చాలా నెమ్మది. నక్షత్రం పైపొర కలకబారుతూ ఉంటే ఆ పని సాగదు. కుండలో కలక నీళ్ళు కదపకుండా ఉంచితేనే తేరుకున్నట్టు, ఇక్కడా పైపొర నిశ్చలంగా ఉండాలి. సూర్యుడి లాంటి నక్షత్రాల్లో పైపొర ఎప్పుడూ కుతకుత ఉడుకుతుంటుంది, అన్నీ కలిసిపోతాయి. వేడి ఎక్కువున్న నక్షత్రాల్లో ఆ ఉడుకు పలచబడుతుంది. అయితే మామూలుగా అలాంటివి సెకనుకు వంద, రెండు వందల కిలోమీటర్ల వేగంతో గిర్రున తిరుగుతాయి, ఆ తిరుగుడుకు లోపల ప్రవాహాలు పుట్టి మళ్ళీ కలిపేస్తాయి. అంగిరసుడు అలా కాదు. సూర్యుడికి నాలుగు రెట్ల వ్యాసార్ధమున్న గోళం అయిదు రోజులకోసారి తిరిగితే నడుము దగ్గర వేగం సెకనుకు 40 కిలోమీటర్ల పాటి. ఆ జాతికి అది నిదానం. దానికి తోడు అయస్కాంత క్షేత్రం పైపొరను బిగించి పట్టుకుంటుంది. అటు వేడి, ఇటు నిదానం, పైన అయస్కాంతం, మూడూ కలిసొచ్చిన నక్షత్రాలు తక్కువ. ఈ వేడి తరగతి నక్షత్రాల్లో నూటికి పది మించవు.

అమ్మాయికి ఇదంతా చెప్పాక కాసేపు ఊరుకుని, "అంటే పైన ఉన్నది లోపలి నుంచే వచ్చిందన్న మాట, లోపల ఆ మేరకు తగ్గి ఉండాలి కదా" అంది. సరిగ్గా అంతే. మొత్తం లెక్క కడితే ఏమీ పెరగలేదు. ఆ ప్రశ్న వేసిన రోజు నాకు చాలా సంతోషమైంది.

6. వంకరగా ఉన్న ఇరుసు వల్లే ముఖాలు మారుతున్నాయి.

అయస్కాంతం సంగతి తెలిసింది 1946లో. అయస్కాంత క్షేత్రంలో పడిన వర్ణపట గీత చీలుతుందని 1896లో జీమన్ కనిపెట్టాడు. హోరేస్ బాబ్‌కాక్ మౌంట్ విల్సన్ మీదున్న వంద అంగుళాల టెలిస్కోపుతో కన్యారాశిలోని 78 వర్జినిస్ అనే నక్షత్రంలో ఆ చీలిక చూశాడు. సూర్యుణ్ణి మినహాయిస్తే ఒక నక్షత్రానికి అయస్కాంత క్షేత్రం ఉందని తెలియడం అదే మొదలు. 1960లో ఆయనకే మరో నక్షత్రంలో 34,000 గాస్ క్షేత్రం దొరికింది. మన భూమి క్షేత్రం అర గాస్ అటూ ఇటూ. కోర్ కారోలీది నాలుగైదు వేల గాస్. అంగిరసుడిది వీటి ముందు చాలా బలహీనం, అయినా భూమికి వంద రెట్లు పైనే.

క్షేత్రం బలం కూడా వెలుగు మారే తాళంలోనే మారుతోంది. దానికి స్టిబ్స్ 1950లో సరళమైన వివరణ ఇచ్చాడు. నక్షత్రం తిరిగే ఇరుసు ఒకటి, అయస్కాంత ధ్రువాల ఇరుసు ఇంకొకటి, రెంటికీ మధ్య కోణం ఉంది. నక్షత్రం తిరిగేకొద్దీ ఒకసారి ఒక ధ్రువం, ఇంకోసారి మరో ధ్రువం మన వైపు వస్తుంది. మూలకాలు కూడా ఆ క్షేత్రం దిశను బట్టే ఒకచోట గుమిగూడతాయి, ఒకచోట పలచబడతాయి. అందుకే వెలుగు, గీతలు, క్షేత్రం మూడింటికీ ఒకే కాలం. నక్షత్రంలో ఏదీ పొంగడం లేదు, ఆరడం లేదు. తిరుగుతోంది, అంతే.

7. మచ్చ అనగానే నలుపు అనుకోకండి.

సూర్యుడి మచ్చలు నల్లగా ఉంటాయి, అక్కడ వేడి తక్కువ కాబట్టి. వీటి మచ్చలు వేరు. లోహాలు గుమిగూడిన చోట అతినీలలోహిత కాంతి ఎక్కువగా మింగుడు పడుతుంది. ఆ శక్తి ఎక్కడికీ పోదు, మన కళ్ళకు కనిపించే కాంతిగా బయటికొస్తుంది. కాబట్టి మచ్చ మన వైపు తిరిగినప్పుడు నక్షత్రం కంటికి ఎక్కువ వెలుగుతుంది. 1968 డిసెంబరులో కక్ష్యలోకి వెళ్ళిన ఓఏఓ-2 అనే అంతరిక్ష అబ్జర్వేటరీ కోర్ కారోలీని అతినీలలోహితంలో చూసినప్పుడు ఇది రుజువైంది. కంటికి పెరిగినప్పుడు అక్కడ తగ్గింది, అక్కడ పెరిగినప్పుడు ఇక్కడ తగ్గింది.

8. మన ఊళ్ళో జరిగిన పని మనకు తెలిసి ఉండాలి.

మా డాబా మీద పిల్లలు కోర్ కారోలీ మీద కెమెరా పెట్టినప్పుడు నేను తప్పకుండా చెప్పే సంగతి ఇది. ఆ నక్షత్రం ఉన్న ఆకాశపు పట్టీని ఒకప్పుడు కొలిచిన ఊరు మన హైదరాబాదే.

1901లో నవాబ్ జఫర్ జంగ్ సొంత ఖర్చుతో ఒక అబ్జర్వేటరీ పెట్టాడు. ఆయన పోయాక 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుని బేగంపేటకు మార్చింది. అదే నిజామియా అబ్జర్వేటరీ. ఆ రోజుల్లో ప్రపంచంలోని అబ్జర్వేటరీలన్నీ ఆకాశాన్ని పట్టీలుగా పంచుకుని ఫోటోలు తీసి నక్షత్రాల పట్టిక తయారుచేస్తున్నాయి. హైదరాబాద్‌కు ముందు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీ వచ్చింది. ఆ పట్టీలో లక్షల నక్షత్రాల స్థానాలు కొలిచి సంపుటాలుగా అచ్చేశారు. పని అంత బాగా సాగడంతో, పాట్స్‌డామ్ వాళ్ళు పూర్తిచేయలేకపోయిన పట్టీలో ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల వరకూ ఉన్న భాగం కూడా టి.పి. భాస్కరన్ డైరెక్టరుగా ఉన్న కాలంలో హైదరాబాద్‌కే వచ్చింది. ఆ లెక్కల్లో కోర్ కారోలీ 38 డిగ్రీలు దాటిన చోట ఉంది.

అక్కడ పనిచేసే ఒక ఉద్యోగి కొడుకు ఆ టెలిస్కోపుల మధ్యే పెరిగి, నిజాం కాలేజీలో చదివి, హార్వర్డ్ వెళ్ళి, తిరిగొచ్చి భారత ఖగోళ శాస్త్రానికి ఆధునిక రూపం ఇచ్చాడు. ఆయనే వేణు బాపు. తమిళనాడులో కావలూరు దగ్గరున్న పెద్ద టెలిస్కోపుకు ఆయన పేరే పెట్టారు. ఈ విలక్షణ నక్షత్రాల్లో కొన్ని నిమిషాల వ్యవధిలోనే కంపిస్తాయని 1978లో డొనాల్డ్ కర్ట్జ్ దక్షిణాఫ్రికాలో కనిపెట్టాక, 1990ల చివర నైనిటాల్‌లో మనవాళ్ళు దక్షిణాఫ్రికా వాళ్ళతో కలిసి అలాంటివాటి కోసం వెతికారు. 7.6 నిమిషాలకోసారి కంపించే ఒక నక్షత్రం వాళ్ళకు దొరికింది.

బేగంపేట అబ్జర్వేటరీ పేరు విన్న పిల్లలు మా కాలనీలో ఒక్కరు లేరు. అమీర్‌పేట మెట్రో ఎక్కి దిగేవాళ్ళకు కూడా తెలియదు. స్కూళ్ళలో ఒక్క పేరా అయినా చెప్పాలి.

9. రాసిపెట్టండి, తేదీతో, టైముతో సహా.

కన్యారాశిలోనే సీయూ వర్జినిస్ అని ఈ జాతి నక్షత్రం ఒకటుంది. పన్నెండున్నర గంటలకే ఒక చుట్టు తిరుగుతుంది. దశాబ్దాల పాటు ఎవరెవరో కొలిచిన లెక్కలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, 1980ల మధ్యకు వచ్చేసరికి దాని చుట్టు కాలం రెండు సెకన్ల పాటి పెరిగినట్టు తేలింది. పన్నెండున్నర గంటల్లో రెండు సెకన్లు. ఏ ఒక్కరి కొలతలోనూ అది కనిపించదు. పాత నోటుపుస్తకాల్లో టైము సరిగ్గా రాసి ఉండబట్టే బయటపడింది. అంత పెద్ద గోళం తిరుగుడు ఎందుకు మారిందన్నది ఇంకా చర్చల్లోనే ఉంది.

అందుకని మా పిల్లల నోటుపుస్తకంలో ప్రతి పేజీకీ ఇవి ఉంటాయి: తేదీ, ఫోటోలు మొదలైన టైము, ముగిసిన టైము సెకన్లతో, కెమెరా గడియారం ఆ రోజు ఫోన్ టైముకు ఎంత తేడాగా ఉందో, ఆకాశం ఎలా ఉందో, ఉప్పల్ లైట్లు వెలిగాయో లేదో, కోర్ కారోలీకీ చారాకీ మధ్య తేడా. టైములోంచి అయిదున్నర గంటలు తీసేసి ప్రపంచ కాలంలోకి మార్చి రాయడం అలవాటు చేశాను, ఎక్కడివాళ్ళు చదివినా గందరగోళం ఉండదు. పక్కింటి అమ్మాయి చక్కగా రాస్తుంది. ఈ వేసవి వృత్తంలో ఆమెకు రెండు చోట్ల ఖాళీలు మిగిలాయి.

జూన్ రెండో వారం దాటితే మబ్బులు కమ్ముతాయి. మబ్బులు విడిచే నాటికి సప్తర్షులు సాయంత్రాల్లో పడమటి వైపు దిగిపోయి ఉంటారు. మళ్ళీ వీలయ్యేది డిసెంబరులో, తెల్లవారుజామున నాలుగింటికి, ఈశాన్యంలో. ఆ వేళకు గాలిలో మంచు ఉంటుంది కాబట్టి లెన్సు మీద తేమ పట్టకుండా మెత్తటి గుడ్డ దగ్గర పెట్టుకోవాలి, బ్యాటరీ రెండోది కూడా ఛార్జ్ చేసి ఉంచుకోవాలి.